మూడు నిమిషాల పట్నం

అనంతయ్య గా ఆదివారం కోడి కూయకముందే లేసి కూసున్నడు. పెండ్లాం సుమిత్రమ్మ జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం ముంగట వెడితె సగం దిని సగం కోళ్లకు ఇసిరేసిండు.

"ఏందయ్యా గిది, కథ చెప్పవోతున్నవా, పెండ్లిచూపులకు పోతున్నవా?" అని ఆమె నవ్వింది. ఆయన చెయ్యి కడుక్కొని లేసిండు. మాట్లాడితె యాడ బయటవడ్తదో అని భయం.

ఏం బయటవడ్తదంటె, జర నిమ్మళంగ వినుండ్రి. ఆయనైతె కట్టుకున్న పెండ్లానికే చెప్పలే.

తాండూరు పక్కన నాపరాయి తీసిన గుంతల అంచుకు ఒక కురుమ వాడ ఉన్నది. గొర్లు కాసుకునే కుటుంబాలు. అనంతయ్య నలభై ఏండ్ల సంది ఆ వాడకు, చుట్టుపక్కల ఊర్లకు ఒగ్గు కథ చెప్తడు. కాపర్ల కులదేవుని కథ అది. కాళ్లకు గజ్జెలు, చేతిల జగ్గు అనే చిన్న డమరుకం, ఎనుక డోలు. అన్నిటికంటె ముఖ్యం పక్కన వంతగాడు. కథ చెప్పెటోడు ఒక మాటంటె "ఆ, గట్లనా అయ్యా" అని అందుకునేటోడు, పాట ఎత్తితె గొంతు కలిపెటోడు, ఏడ్వాల్సిన కాడ ఏడ్సెటోడు వంతగాడే. నలభై ఏండ్లు ఆ వంత మొగులప్పది. ఇద్దరు ఒక్కతాన తిన్నరు, ఒక్కతాన పండుకున్నరు, బీడీల కాడ మస్తు కొట్లాడిండ్రు.

కరోనా రెండో గత్తరల ఇద్దరికీ ఒక్కటే వారంల తగిలింది. ఇద్దర్నీ అనంతగిరి గుట్ట మీది దవాఖానకు తోల్కపోయిండ్రు. పదకొండు దినాలకు అనంతయ్య ఇంటికి వచ్చిండు. మొగులప్ప రాలే.

ఇంకో నెలకు ఒంట్ల జర సత్తువ వచ్చినంక అనంతయ్య గొర్ల ఎంట పోయిండు. చుట్టూ మనిషి లేడు గదా అని కథ ఎత్తుకున్నడు. దేవుని మొక్కు అయింది, పుట్టుక అయింది, మంచిగనే నడుస్తున్నది. ఒక్కతాన ఆగిపోయింది. మర్సిపోవుడు గాదది. మర్సిపోతె నాలిక చివరన ఉన్నట్టు తెలుస్తది. గిక్కడ అసలు ఎన్నడన్న ఏమన్న ఉండెనా అన్నట్టు సాపుగ ఉన్నది. దాన్ని దాటి ముంగటికి పోయి మల్ల అందుకున్నడు. ఇంకో తాన అట్లనే. మల్లొక తాన అట్లనే. మొత్తం మూడు చోట్ల కథకు గుంతలు వడ్డయి.

గా దినం సంది మనిషికి నిద్ర లేదు. ఎందుకంటె గా కథ మొత్తం ఎరికైనోడు ఆ చుట్టుపక్కల అనంతయ్య ఒక్కడే. ఎవ్వరన్న వచ్చి రాసుకుంట అంటె "రాస్తె పలుకుతదా?" అని ఎగతాళి చేసి ఎల్లగొట్టెటోడు. చెల్లె కొడుకు మల్లేశ్వర్ డోలు నేర్సుకున్నడు గని కథ నేర్సుకోలే. తాత నుంచి నాయనకు, నాయన నుంచి తనకు వచ్చిన కథ తన చేతుల్లనే పాడైందని, తాను సచ్చేలోపే అది సచ్చిందని ఆయన లోపల్లోపల కుమిలిండు. ఎవ్వరికి చెప్తడు? చెప్తె వినెటోడు మొగులప్ప ఒక్కడే.

ఇట్లుండంగ హైదరాబాద్‌ల ఒక ట్రస్టోల్లు కళాకారులకు కరోనా సాయం ఇస్తున్నరని తెలిసింది. మొదలు ఆ నగరంల ఆటపాటలోల్లకు, నాటకాలోల్లకే అన్నరట. తర్వాత చుట్టుపక్కల జిల్లాలోల్లకు గూడ ఇస్తమన్నరు. మేళానికి ఇంత అని లెక్క. ఆ ముచ్చట అనంతయ్యకు మోసుకొచ్చింది మొగులప్ప పెండ్లాం పద్మమ్మ. మొగడు పోయినంక ఆమె బండల పాలిష్ మిషిన్ కాడికి కైకిలి పోతున్నది. సీరె కొంగు నిండ తెల్లటి రాతిపొడి ఉన్నది.

"అన్నా, మేళం పేరు మీద ఇస్తరట. ఆయన పాలు నాకిస్తవా?" అని నిలవడే అడిగింది.

కథ పోయిన నాకు కథ పైసలెందుకు అని అనంతయ్య గుండెలకెళ్లి వచ్చింది. ఆమె కొంగు దిక్కు చూసిండు. "ఇస్తనమ్మా" అన్నడు. మల్లేశ్వర్‌ను ఎంటవెట్టుకొని రైలెక్కి వికారాబాద్ పోయి, టేషన్ పక్కన ట్రస్టోల్ల ఆఫీసుల కాయితం ఇచ్చొచ్చిండు. ఆడ ప్రియదర్శిని అని ఒక సదువుకున్న పిల్ల ఉన్నది. "మీరు రానవసరం లేదు తాతా, నేనే వస్త. మీ వాడలనే మూడు నిమిషాలు చెప్పుండ్రి, వీడియో తీసుకుంట. మీరు ఇప్పటికీ కథ చెప్తరని మావోల్లకు తెల్వాలె, అంతే" అన్నది.

మూడు నిమిషాలు. అనంతయ్యకు పానం లేసొచ్చింది. గణపతికి, శారదకు, కులదేవునికి మొక్కుడు మూడు నిమిషాలకు సరిగ్గ సరిపోతది. అది నిద్రల లేపినా చెప్తడు. గుంతల దాక పోయే పనే లేదు. తిరిగి తాండూరు వచ్చెదాక రైలు కిటికీ కాడ కూసొని అదే మొక్కు పెదవుల మీద తిప్పుకుంట వచ్చిండు. పద్మమ్మ పాలు పద్మమ్మకు పోతది, తన ముచ్చట తనతోని పోతది.

ఇగ ఆదివారం ముచ్చట. పది గంటలకు ధోతి కట్టుకొని గుడి కాడికి పోయిన అనంతయ్య ఆడనే ఆగిపోయిండు. గుడి ముంగట నాపరాళ్ల మీద, ఈ చివరి నుంచి ఆ చివరి దాక దేవుని ముగ్గు, పట్నం ఏసిండ్రు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఎండిన ఆకుల పొడి, బొగ్గు పొడి కలిపి గడులు గడులుగ, నడుమ దేవుని గద్దె. అంత పెద్ద పట్నం ఆ వాడల ఏసి ఏడాదిన్నర అయింది. ఆడోల్లంత తలంటుకొని, ఇస్తిరి సీరెలు కట్టుకొని ఆడ కూసున్నరు.

మల్లేశ్వర్ డోలు బిగిస్తున్నడు. అనంతయ్య వాని చెయ్యి గుంజి పక్కకు తీస్కపోయిండు. "ఎవ్వన్ని అడిగి ఏసిండ్రు రా గిది?"

"అడుగుడేంది మామా? కథ వినెతందుకు హైదరాబాదోల్లు వస్తున్నరని చెప్పిన. కథ అన్నంక పట్నం ఎయ్యరా? ఉత్త నేల మీద చెప్తవా నువ్వు?"

పోరగాడు చెప్పింది నిజమే. మూడు నిమిషాలు అన్న మాట వాడలోల్లకు ఎవ్వలికి లెక్కకు రాలే. మూడు నిమిషాల కథ ఉంటదని వాళ్లు ఎన్నడన్న విన్నరా? పట్నం ఏసిండ్రంటె దేవుడు వచ్చి గద్దె మీద కూసున్నట్టు. కథ చివరిదాక చెప్పి, చెప్పెటోడు పట్నాన్ని కాళ్లతోని తొక్కి చెరిపితెనే దేవుడు లేస్తడు. సగంల ఆపుడు అన్నది లేదు. వాన వడ్డా ఆపలే, ఒకసారి అనంతయ్య నాయనకు నడుమంతరంల జరమొచ్చినా ఆపలే.

పదకొండింటికి ప్రియదర్శిని టేషన్ కాడ ఆటో మాట్లాడుకొని వచ్చింది. మాస్కు గదమ కిందికి గుంజుకొని, ఫోను తీసి, "తాతా, మూడు నిమిషాలు చాలు. నాకు నాలుగు గంటల రైలున్నది" అన్నది.

"బిడ్డా, గిప్పుడు మూడు నిమిషాలకు కుదరదు."

"మరి ఎంతసేపు?"

"పొద్దుగూకెదాక."

ఆ పిల్ల పట్నం దిక్కు చూసింది, మనుషుల దిక్కు చూసింది. ఏమనుకున్నదో, చెప్పులిడిసి ఆడోల్ల నడుమ కూసున్నది. ఆటో నడిపే జనార్దన్ గూడ కిరాయికి పోక ఆటోకు ఆనుకొని నిలవడ్డడు.

అనంతయ్య గజ్జెలు కట్టుకున్నడు. అందరి ముంగట ఒప్పుకుంటె అయిపోతది గదా, నాకు కథ పోయింది, దేవునికి దండం వెట్టి పట్నం తీసేస్త అంటె అయిపోతది అనుకున్నడు. అప్పుడే పద్మమ్మ కనవడ్డది. ముంగట కూసోలే, వంతగాడు నిలవడే తానకు దగ్గర్ల, గోడకానుకొని ఒక్కతే కూసున్నది. కొంగు మీద రాతిపొడి లేదు. ఆమెకు ఇస్తనన్న పాలు యాదికొచ్చింది. జగ్గు మీద చెయ్యి ఏసిండు.

మొక్కు అయింది. దేవుడు పుట్టిండు, తల్లి పోయింది, అక్క చేతిల పెరిగిండు. వంత మల్లేశ్వరే డోలు కొట్టుకుంట అందుకున్నడు, వాని గొంతు ఎంతవరకుంటె అంతవరకు. దేవుడు చిన్న పోరడు, మొదటిసారి మందను అడివికి తోల్కపోయిండు. మబ్బు పట్టింది, ఉరిమింది, గొర్లు చెదిరిపోయినయి. దేవుడు రాయెక్కి నిలవడి, నోటికి చేతులు అడ్డం వెట్టుకొని ఒక్కొక్కదాన్ని పేరు వెట్టి పిలిసిండు. ముప్పై రెండు పేర్లు. అదే మొదటి గుంత.

అనంతయ్య ఆగిండు. డోలు ఒక సుట్టు తిరిగింది. రెండో సుట్టు తిరిగింది. మల్లేశ్వర్ తలెత్తి చూసిండు. ఇగ అయిపాయె అనుకున్నడు అనంతయ్య.

"నల్లబొల్లీ… నా చుక్కపిల్లా…"

ఎనుక నుంచి వచ్చింది గొంతు. దేవమ్మ. డెబ్బై దాటిన ముసల్ది. కథ షురూ అయిన పావుగంటకు గోడకొరిగి గురక వెట్టుడు ఆమెకు అలవాటు. అందుకే ముప్పై ఏండ్ల సంది అనంతయ్యకు ఆమె మీద కోపం. గిప్పుడు గూడ కండ్లు మూసుకొనే ఉన్నది. కండ్లు మూసుకొనే పిలుస్తున్నది. ఎర్రమూతి దానా, బూడిదతోక దానా, ఒంటిచెవీ…

ఒంటిచెవి కాడ సాగదీసింది. అనంతయ్య ఆమె దిక్కు మర్రిండు. ఆ సాగదీసుడు కథల లేదు. ఎప్పుడో ఒక ఏడాది దేవుని కొలుపు పండుగల ఆయనకు పంటినొప్పి లేసి, ఆ మాట కాడ దవడ పట్టుకొని ఊరికె అట్ల గుంజిండు. ఒక్కటే ఒక్కసారి. ముసల్దాని నిద్రలకు ఆ పంటినొప్పి గూడ పోయి భద్రంగ ఉన్నది. ముప్పై రెండు పేర్లు ఒక్కటి తప్పకుంట చెప్పి, ఆమె కండ్లు తెరిసింది.

"ఏం జూస్తవ్ తమ్మీ, మంద జమైంది. తోలు ఇగ" అన్నది.

అనంతయ్య తోలిండు. మధ్యాహ్నం దాటింది, ఎండ గుడి గోడ దిగింది, ఎవ్వరు లేవలే. నాలుగు గంటల రైలు ప్రియదర్శిని మతిలకే రాలే.

కరువు కాలం వచ్చి దేవుడు మందను తోల్కొని గడ్డి ఎతుక్కుంట ఊరూరు తిరుగుతడు. గిది రెండో గుంత. ఈ నడకకు ఒక తరీక ఉన్నది. ఏ ఊర్ల కథ చెప్తె ఆ ఊరి పేరు, ఆడి బాయో, చెరువో, చేనో దేవుని నడకల కలుపుతరు. నలభై ఏండ్లల్ల అది పెద్ద తొవ్వ అయింది. గిప్పుడు అనంతయ్య మతిల ఆ తొవ్వ లేదు. "దేవుడు కట్టె పట్టుకున్నడు, పడమటి దిక్కు మర్రిండు" అని నిలవడ్డడు.

ఈసారి గొంతు ఆటో కాడి నుంచి వచ్చింది. "మోమిన్‌పేట్ పొలిమేరల, రెడ్డోల్ల బాయి మీద, దేవుడు దోసిటి నీళ్లు తాగె…" జనార్దన్. ఆయన ఆ వాడోడు గాదు, గొర్ల కాపరి గూడ గాదు. అందరు తన దిక్కు తిరిగేసరికి సిగ్గువడి తల గోక్కున్నడు. "మా బాయే గది, కాకా. మా అవ్వ మీ మేళానికి సల్ల పోసిందని మా బాయిని కథల వెట్టినవ్. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఇప్పటికీ ఆ తొవ్వల ఆటో తోలినప్పుడల్ల అనుకుంట."

అనంతయ్యకు ఆ అవ్వ యాదికి లేదు, ఆ సల్ల యాదికి లేదు. మోమిన్‌పేట్ దాటి ఎటు పోవాల్నో గూడ తెల్వదు. గని అడిగే పని పడలే. మల్లేశ్వర్ పెండ్లాం స్నేహలత, లాక్‌డౌన్ల పది మంది నడుమ పెండ్లై వచ్చిన కొత్త కోడలు, వాడల ఎన్నడు గొంతు ఇప్పనిది, తలకాయ వంచుకొనే అందుకున్నది. "బొంరాస్‌పేట చెలకల్ల, కంది కొయ్యల నడుమ, దేవుడు రెండు పొద్దులు ఉండె." అది ఆమె తల్లిగారి ఊరు. ఇంకో ఆడామె తన తల్లిగారి ఊరు చెప్పింది. దాని పక్కన ఇంకొకామె. కన్నడ మాట్లాడే ఊరు నుంచి వచ్చిన కోడలు ఆ ఊరి వాగును కన్నడ పేరుతోనే చెప్పింది, అనంతయ్య ఆడ కథ చెప్పినప్పుడు అట్లనే చెప్పెటోడు. పెండ్లై వచ్చినప్పుడు ప్రతి ఆడిపిల్ల తన ఊరి ముక్కను పదిలంగ ఎంట తెచ్చుకున్నది. ఇన్నేండ్లు ఎవ్వరు అడగలే, వాళ్లు చెప్పలే. దేవుని తొవ్వ మొత్తం ఆ వాడల ఆడోల్ల నడుమ పంచుకొని ఉన్నది.

అనంతయ్య జగ్గు కొట్టుడు ఇడిసిపెట్టి వింటున్నడు. నలభై ఏండ్లు తాను చెప్పంగ వాళ్లు విన్నరు, వాళ్లు చెప్పంగ తాను వినుడు అదే మొదటిసారి. గింత పెద్దదా గీ కథ అని ఆయనకు అబ్బురమైంది. తాను ఒక్కడే మోస్తున్న అనుకున్న బరువును ఇంతమంది ఇన్నేండ్లు తలా ఒక చెయ్యి ఏసి మోసిండ్రు. ఆయనకు తెల్వనే తెల్వదు. తన గర్వం యాదికొచ్చి సిగ్గయింది, గని ఆ సిగ్గు గూడ మంచిగనే అనిపించింది.

పైసల ముచ్చట గిక్కడనే చెప్పి పారేస్త, మల్ల మీరు అడుగుతరు. పైసలు వచ్చినయి. పద్మమ్మ పాలు పద్మమ్మకు ముట్టింది. ట్రస్టోల్లు ఏ మూడు నిమిషాలు చూసి ఇచ్చిండ్రో ప్రియదర్శినికే ఎరిక. ఇగ ఆ ముచ్చట ఇడిసిపెట్టుండ్రి, ఎందుకంటె పొద్దు గుట్టల మీదికి వంగింది, అనంతయ్య మూడో గుంత కాడికి వచ్చిండు.

వాన వచ్చింది. వాగు పొంగింది. మంద ఇంటికి మర్రింది గని దేవుడు మర్రలే. అక్క వాగొడ్డుకు ఉరికింది. ఆడ నిలవడి తమ్ముని కోసం ఏడుస్తది. ఎప్పుడైనా ఆ ఏడుపు కాడ మొగులప్ప తల మీద గొంగడి కప్పుకునేటోడు. మీసాలోడు, బీడీ గొంతోడు, గొంగడి కిందికెళ్లి ఆడిమనిషి ఏడుపు తీసెటోడు. పదకొండు చరణాలు.

అనంతయ్య "అక్క వాగొడ్డుకు వచ్చెనో" అని ఆగి, జనం దిక్కు చూసిండు. రెండు సార్లు ఆదుకున్నరు గదా, ఇది గూడ ఎవ్వరో ఒకరు అందుకుంటరని ఆశ. దేవమ్మ దిక్కు చూసిండు. దేవమ్మ తల అడ్డం తిప్పింది. ఎవ్వరికి రాదు. ఎట్ల వస్తది? ఆడికొచ్చేసరికి అందరు ఏడుస్తుండెటోల్లు, నేర్సుకునేదెవ్వరు?

అప్పుడు అనంతయ్యకు ఇంకొకటి తెలిసింది. గది తాను మర్సింది గాదు. అది తనకు ఎన్నడు రాలే. నలభై ఏండ్లు గా కాడ తాను కూసొని బీడీ ముట్టించుకునేటోడు. గిక్కడ జరం తీస్కపోయింది తన మతిని గాదు, మొగులప్పను. దాన్ని గుంత అనుకొని ఏడాది సంది తనను తాను తిట్టుకుంటున్నడు. వంతగాడు నిలవడే తావును చూసిండు. ఖాళీగ ఉన్నది.

మల్లేశ్వర్ డోలు ఆపలే. ఆ ఏడుపుకు కొట్టే నెమ్మది దెబ్బ ఒకటున్నది, చిన్నప్పటి సంది కొడుతున్న దెబ్బ, వాని చేతులు అదే కొడుతున్నయి. ఒక చరణం సరిపోయేంతసేపు డోలు ఒక్కటే మోగింది. ఆ చరణం అయిపోయే తావున, సరిగ్గ ఆ తావునే, జనమంత మెల్లగ "ఓ అక్కా…" అన్నరు.

ఎవ్వరు సైగ చెయ్యలే. మల్ల గప్‌చుప్. డోలు మోగుతున్నది, ఎవ్వరు పాడుతలేరు. ఇంకో చరణమంత సమయం పోయింది. "ఓ అక్కా…" అన్నరు మల్ల. ఆడోల్లు, మొగోల్లు, ముసలోల్లు, అందరు ఒక్కటే గొంతు. మూడో చరణం మొగులప్ప జర పొడుగు తీసెటోడు, అందరు అంతసేపు ఆగిండ్రు. ఆరో చరణం కాడ ఆయన గొంగడి అంచుతోని ముక్కు తుడుసుకునేటోడు. అందరు ఆయన ముక్కు తుడుసుకునేదాక ఆగిండ్రు. పట్నం అవుతల, వంతగాడు నిలవడే తావు దిక్కే అందరి చూపు. ప్రియదర్శిని ఫోను ఒళ్లె వెట్టుకున్నది. మొగులప్ప ఎవ్వరో ఆమెకు ఎరికలేదు, అయినా ఆమె గూడ అటే చూస్తున్నది.

అనంతయ్య జీవితంల ఎన్నో కొలుపులు చూసిండు, పూనకాలు చూసిండు, దేవుడు వచ్చిండన్నప్పుడల్ల తల వంచి దండం వెట్టిండు. గిట్లాంటిది చూడలే. పాడెటోడు లేని పాట చెవులకు వినవడుతలేదు గని ప్రతి చరణం యాడ షురూ అయితున్నది, యాడ ఇరుగుతున్నది, యాడ దమ్ము తీస్తున్నది అంత తెలుస్తున్నది. ఆయన రెండు చేతులు వాటంతట అవే జోడించుకున్నయి.

పదకొండో చరణం కాడ డోలు ఇంకా నెమ్మదైంది. జనం చివరి "అక్కా" అని, అందరు ఒక్కసారే దించిండ్రు. డోలు ఆగింది. గొర్ల దొడ్డి దిక్కెళ్లి ఏదో గొర్రెపిల్ల అరిసింది.

గోడ కాడ పద్మమ్మ కొంగుతోని మొకం తుడుసుకున్నది. పక్కన కూసున్నామెతోని, రోజూ చెప్పుకునే ముచ్చట లెక్క, నిమ్మళంగ అన్నది.

"ఇయ్యాల జర పొడుగు చేసిండు."

"అవునమ్మా" అన్నడు అనంతయ్య. జగ్గు ఎత్తుకొని, మొగులప్ప ఇడిసిన కాడి నుంచి కథ అందుకున్నడు.